మాంసమునకు మాఱు చేప చాలునా?



మాంసము తగ్గించి చేపలు వండుకొన్నచో భూమికి వేడిమి తగ్గునా యని కలిదిండి ప్రాంతపు సోదరి యొకతె మమ్మడిగినది. ఆమె ఇంటిముందు చేపలచెఱువే కలదు. కావున ఈ ప్రశ్న వినోదమునకు వేసినది కాదు.

ముందుగా మాంసము సంగతి. ఆవు, గేదె, మేక, గొఱ్ఱె మొదలగు నెమరువేయు జంతువుల కడుపులో మీథేను అను వాయువు పుట్టి త్రేనుపులతో వెలువడును. నూఱేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు గాలికంటె సుమారు 27 రెట్లు వేడిమిని పట్టియుంచును. 2015 నాటి లెక్క ప్రకారము మనుష్యులు వెలువరించు వేడిమివాయువులలో నూటికి సుమారు 12 పాళ్లు పశుపోషణమువలన కలుగుచున్నవని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో ప్రకటించినది. చేప నెమరువేయదు. కిలోకు కిలో చూచినచో వేటమాంసముకంటె మన బొచ్చె, శీలావతి భూమికి తేలికయే.

అంతమాత్రమున చెఱువు నిర్దోషి కాదు. వేసిన మేతలో మిగిలిన తవుడు, చెక్క అడుగు బురదలో గాలి తగులక క్రుళ్లి మీథేనును విడుచును. రొయ్యలచెఱువులలో రేయింబవళ్లు తిరుగు చక్రములకు విద్యుత్తు కావలెను. దానిలో పెద్దపాలు బొగ్గునుండి వచ్చుచున్నది. ఉప్పునీరు నేలలోనికి దిగినచో ఊరిబావి చెడును. అప్పుడు దూరమునుండి బిందె మోయునది స్త్రీయే కదా! అయినను నీరు నిలిచిన వరిచేనును మీథేనును విడుచుననుట మఱవరాదు.

కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రాంసారు ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో ప్రభుత్వమువారు సరస్సులోని చెఱువుగట్లను పగులగొట్టించిరి. పిదప కొన్నిచోట్ల గట్లు మరల లేచినవి. ఏల? ధాన్యము పండించుటకంటె చెఱువునకిచ్చిన కౌలు ఎక్కువ. వలలాగు కూలి, మంచుగడ్డల వర్తకుడు, లారీ నడుపువాడు, అందఱి పొయ్యియు ఆ నీటిపైననే వెలుగుచున్నది. ఆ కౌలుతోనే బిడ్డకు చదువు చెప్పించుచున్న తల్లితో చెఱువు పూడ్చుమని చెప్పుటకు మాకు నోరాడదు. గట్టు పగులగొట్టుట యొకనాటి పని. బ్రదుకుతెరువు మార్చుట యొక తరము పని.

కావున సాధ్యమైనది చెప్పెదము. మేత కొలతమీఱి వేయవద్దనియు, పట్టుబడి ముగిసినపిదప బురద తీయించుమనియు, మంచినీటి బావులచెంతకు ఉప్పునీరు తేవద్దనియు మీ యింటి పురుషులతో పట్టుబట్టి చెప్పుడు. సరస్సులోపల క్రొత్తగట్టు వేయుటకు మాత్రము సమ్మతింపకుడు. వంటయింట వేటమాంసము వండు దినములు తగ్గించి, పప్పును చిన్నచేపలను హెచ్చించుడు. వండినది పాఱవేయకుడు, పాఱవేసిన ముక్క వెనుక మేత, నీరు, విద్యుత్తు అన్నియు వ్యర్థమైనట్లే.

చేప చాలునా యని కదా సోదరి ప్రశ్న. చేప మేలే, కాని చెఱువును బాగుచేసికొన్ననాడే ఆ మేలు నిలుచును.