అమ్మ తుడిచినా చెరగని దీపం

మా అమ్మ ఏ వస్తువునైనా తడిగుడ్డతో తుడవందే ఊరుకోదు. నాలుగేళ్ల క్రితం మెదక్‌లో మా ఇంటి దేవుడి గది తలుపు అద్దం మీద దీపం బొమ్మ వేసిచ్చాను. షాపులో దొరికే గ్లాస్ పెయింట్ సీసాలతోనే. రెండేళ్లు తిరగకుండానే దీపపు వెలుగంతా పెచ్చులుగా లేచిపోయింది. అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ చోట క్యాలెండర్ తగిలించింది. ఇంటికెళ్లిన ప్రతిసారీ ఆ క్యాలెండర్ చూస్తే నాకు సిగ్గేసేది.

అందుకే ఆర్నెల్లుగా శనివారాలు బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12 సందులో ఒక మేడమ్ దగ్గర గాజు మీద బొమ్మలేయడం నేర్చుకుంటున్నా. మొదటి రోజే నా పాత బొమ్మ ఫొటో చూసి నవ్వారావిడ. "ఇది అద్దం మీద అంటించిన రంగు. మనం చేసేది అద్దంలో కలిసిపోవాలి" అన్నారు.

ఇక్కడి రంగు అసలు రంగులా ఉండదు. మెత్తగా నూరిన గాజుపొడి, ఇనుము ఆక్సైడ్ కలిసిన గోధుమరంగు పొడి అది. నీళ్లు, కాస్త తుమ్మబంక వేసి నూరి, సన్నని కుంచెతో గీతలు గీయాలి. ఆరాక పైన పలచటి పూత వేసి, వెలుగు కావాల్సిన చోట పుల్లతో గీకి తీసేయాలి. తర్వాత బట్టీలో దాదాపు 650 డిగ్రీల వేడి. పొడిలోని గాజు కరిగి అద్దాన్ని పట్టుకుంటుంది. పసుపు కావాలంటే వెనకవైపు వెండి లవణం పూసి, ఇంకాస్త తక్కువ వేడిలో మళ్లీ కాల్చాలి. వెండి పసుపునిస్తుందంటే నేనూ మొదట నమ్మలేదు!

చిన్నప్పటి నుంచి చూసిన మెదక్ చర్చి ఇప్పుడు కొత్తగా కనిపిస్తోంది. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన ఆ చర్చిలో ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు పెద్ద కిటికీలున్నాయి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయట ఎండ ఉంటేనే ఆ బొమ్మలు లోపలికి కనిపిస్తాయి. ఇలాంటి కిటికీల్లో ముఖాలు, వేళ్లు, బట్టల మడతలు ఈ కాల్చిన గీతలే. అందుకే ఏళ్ల తరబడి ఎండకు నిలుస్తాయి.

నా మొదటి దీపం మాత్రం నిలవలేదు. బట్టీ రాత్రంతా మెల్లగా చల్లారాలి. నాకేమో ఆదివారం పొద్దున్నే మెదక్ బస్సెక్కాలని తొందర. మీటరు ఇంకా 200 చూపిస్తుంటే మూత ఎత్తా. "టక్" మంది. మూడు వారాల పని రెండు ముక్కలు. మా ఆఫీసు పనిలో తప్పు చేస్తే పాత వెర్షన్ పెట్టేస్తాం. ఇక్కడ అలా కుదరదు. మేడమ్ తిట్టలేదు, కొత్త అద్దం ముక్క చేతిలో పెట్టారు.

రెండో దీపాన్ని పోయిన నెల తలుపుకు బిగించాం. అమ్మ క్యాలెండర్ తీసి పక్కన పెట్టి, తడిగుడ్డ పట్టుకుని ఆగింది. "తుడవొచ్చా బిడ్డా?" అని అడిగింది. అప్పుడర్థమైంది, పాత బొమ్మ తన చేతిలోనే పోయిందని ఇన్నాళ్లూ అనుకుందని. "గట్టిగా తుడువమ్మా" అన్నా.

మీలో ఎవరైనా ఇలాంటి క్లాసులో చేరాలనుకుంటే ముందు ఒకటే అడగండి, బట్టీ ఉందా అని. ఇంకోటి, కొన్ని పొడుల్లో సీసం ఉంటుంది. మాస్క్ లేకుండా ముట్టుకోకండి.