పల్నాడు నుంచి – 12: చింతపిక్కల రుజువు



"అన్నా, నువ్వు అన్నిట్లోకీ కులాన్ని లాక్కొస్తావు గానీ, సైన్సుకీ లెక్కలకీ కులం ఏముంటుంది?" అని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. ఈ భాగం అతనికి జవాబు.

మన పల్నాడులోనే ఒక ఊరు. పేరు వద్దు. లెక్కలన్నా సైన్సన్నా ఇష్టమున్నవాళ్లు అక్కడ నెలకోసారి, ఆదివారం పొద్దున కూర్చుని మాట్లాడుకుంటారు. మంచి పనే. మా డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయిని ఒకామెను నేనే అక్కడికి తీసుకెళ్లాను. మాదిగపల్లె పిల్ల. మిరప కోతల కాలం. ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది.

"నీకు ఏ లెక్క ఇష్టం తల్లీ?" అని ఎవరూ అడగలేదు. "ఇంటర్ ఏ కాలేజీ? ఎంసెట్ ర్యాంకెంత?" అన్నారు. ఆ తర్వాత ఇంటిపేరు అడిగారు.

తన వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల చున్నీ కొంగు విప్పి చింతపిక్కలు కింద పోసింది. ముందు ఒక పిక్క పెట్టింది. దాని పక్కన, పైన, మూలన మూడు పెట్టింది. నాలుగయ్యాయి, చదరంగా ఉన్నాయి. వాటి చుట్టూ ఐదు పేర్చింది, తొమ్మిది. ఏడు పేర్చింది, పదహారు. "బేసి సంఖ్యల్ని ఒకటి నుంచి వరసగా కూడితే ఎప్పుడూ చదరమే ఎందుకొస్తుందో చూడండి సార్. పక్కన ఎన్ని పెడతామో పైన అన్నే పెట్టాలి. మూలన ఒకటి. రెండు సమానాలకి ఒకటి కలిస్తే బేసే కదా" అంది.

నాకు ఒళ్లు జలదరించింది. పెద్దమనిషి ఒకాయన మాత్రం నవ్వాడు. "ఇది ఆటమ్మా, రుజువు కాదు. ఇండక్షన్‌తో ఇంగ్లిషులో రాసుకుని రా. ముందు బేసిక్స్ చూసుకో" అన్నాడు.

ఆ పిల్ల పిక్కలు ఏరుకుంది. తర్వాతి నెల రాలేదు.

ఆ ఇండక్షన్‌లో రాసేదేమిటి? ఒక చదరానికి తర్వాతి బేసి సంఖ్య కలిపితే తర్వాతి చదరం వస్తుందనే కదా! ఆ పిల్ల నేల మీద పేర్చి చూపించింది సరిగ్గా అదే. పైథాగరస్ శిష్యులు ఇదే లెక్కని గులకరాళ్లతో పేర్చారని గణిత చరిత్ర గొప్పగా చెప్పుకుంటుంది. కాలిక్యులస్ అనే మాటకి లాటిన్‌లో అర్థమే చిన్న రాయి. గ్రీసులో గులకరాయి గణితమైంది. మాదిగపల్లెలో చింతపిక్క ఆటైపోయింది.

అక్కడ ఎవరూ కులం పేరెత్తి తిట్టలేదు. ఆ అవసరం రాలేదు. ర్యాంకు, ఇంగ్లిషు, ఇంటిపేరు, కూలికి పోయే రోజున పెట్టిన సమావేశం, ఇవన్నీ కలిసి ఆ పని చేసిపెట్టాయి. సూత్రానికి కులం లేదు, ఒప్పుకుంటాను. సూత్రం గురించి మాట్లాడే చోట కుర్చీ ఎవరికి వేస్తారనే దానికి కులం ఉంది.

ఇది కొత్త కథ కాదు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో మాస్టారు ఒక లెక్క చెయ్యమని బాబాసాహెబ్‌ని నల్లబల్ల దగ్గరికి పిలిచాడు. వెంటనే తోటి పిల్లలు పరుగెత్తి, బల్ల వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు లాగేసుకున్నారు. ఆయనకి లెక్క వచ్చా రాదా అన్నది వాళ్లకి అక్కర్లేదు. అన్నం మైలపడకుండా ఉంటే చాలు.

అది వందేళ్ల కిందటి మాట అంటారా? 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడులో పందులు పెంచుకునే పన్నియాండి కులం నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. చనిపోయేనాటికి అతనికి గైడ్ లేడు. అదే యూనివర్సిటీలో 2016 జనవరి 17న మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల వెళ్లిపోయాడు. కార్ల్ సాగన్‌లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని చివరి ఉత్తరంలో రాసుకున్నాడు. మనం అతన్ని పోరాటానికి గుర్తుగా చేసుకున్నాం, సబబే. కానీ నక్షత్రాల గురించి రాయాలనుకున్న ఆ కుర్రాడి కోరికని మనలో ఎంతమందిమి గుర్తుపెట్టుకున్నాం?

ఇక్కడ మనల్ని మనం కూడా అడుక్కోవాలి. జాషువా పుట్టిన వినుకొండ ఈ జిల్లాలోనే ఉంది. కవిత్వం మీకెందుకన్నవాళ్లకి ఆయన 1941లోనే 'గబ్బిలం'తో జవాబు చెప్పాడు. కారంచేడు, చుండూరు తర్వాత మన కవిత్వం, మన పాట, మన కథ తెలుగు సాహిత్యాన్నే తిరగరాశాయి. మరి లెక్కలు? "నీకు లెక్కలెందుకురా, తెలుగు తీసుకో" అని పదో తరగతిలో నాతో అన్నారు. తీసుకున్నాను. తెలుగంటే నాకు ప్రాణం, అందులో డాక్టరేట్ చేశాను. కానీ ఆ రోజు నేను నిజంగా ఎంచుకున్నానా, లేక నా బదులు వాళ్లే ఎంచుకున్నారా అని ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రులున్నాయి. కవిత్వంలో చెప్పిన జవాబు లెక్కల్లో ఇంకా బాకీ ఉంది.

శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. విధి అందరిదీ అయినప్పుడు చోటు కొందరిదే ఎలా అవుతుంది?

కారంపూడి వీరుల కథ మనందరికీ తెలుసు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడనీ, అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారనీ, మాల కన్నమదాసు సేనలు నడిపాడనీ ఏటా తిరనాళ్లలో చెప్పుకుని మురిసిపోతాం. ఆ కథ మీద అంత గర్వముంటే, లెక్కలకీ సైన్సుకీ కూడా ఆ చాప వెయ్యండి. సమావేశం మా పల్లెలో, అంబేద్కర్ బొమ్మ దగ్గర పెట్టండి. కూలి పోని వేళ పెట్టండి. తెలుగులో మాట్లాడనివ్వండి. ర్యాంకు అడగొద్దు, ప్రశ్న అడగండి.

మీరు వెయ్యకపోతే మేమే వేసుకుంటాం. వచ్చే శనివారం పొద్దుగూకాక, కోతల నుంచి అందరూ ఇళ్లకి చేరాక, ఆ అమ్మాయి వాళ్ల పల్లెలో మొదలుపెడుతున్నాం. మొదటి పాఠం ఆమే చెబుతుంది. లెక్కలొచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ రండి. రానివాళ్లు ముందు రండి, నేనూ మీతోనే కూర్చుంటాను.

వచ్చేటప్పుడు పిడికెడు చింతపిక్కలు తెచ్చుకోండి.

జై భీమ్.