కొలిమియు ఖనిజమును: వీడియో ఆటలలో స్వోపజ్ఞత

నేటి వీడియో ఆటలలో స్వోపజ్ఞత లేదనియు, సృజనశక్తి అడుగంటినదనియు ఒక ఆరోపణ తరచుగా వినబడుచున్నది. ఆరోపించువారు రెండు తెగలవారు. మొదటి తెగవారు ఆ ఆటలను ఎన్నడును ముట్టి చూడనివారు. తుపాకి మ్రోతయు, కారు పరుగును తప్ప అందు మరేమియు లేదని వారి నిశ్చయము. రెండవ తెగవారు బాల్యము నుండి ఆడి ఆడి విసిగినవారు. ఏటేట అదే ఆట క్రొత్త అట్టతో వచ్చుచున్నదని వారి వేదన. మొదటివారి మాటను లెక్కింప నక్కరలేదు. చదువని కావ్యమును దూషించు విమర్శకునకు ఏ సభలోను పీట వేయరు. రెండవవారి మాటలో సత్యము కలదు. కాని ఆ సత్యమును వారు తప్పు చోట వెదకుచున్నారు. “ఇది ఇంతకుముందు వచ్చినదే” అనుట వారి అభియోగము. ఇంతకుముందు వచ్చినదగుట దోషము కాదు. దోషము వేరొక చోట నున్నది. ఆ చోటును గుర్తించుటకు జంషెడ్‌పూర్ కంటె తగిన నగరము దొరకదు.

ముందుగా సాహిత్యము సంగతి చూడవలెను. భారతకథ వ్యాసునిది, అయినను నన్నయ తిక్కన ఎఱ్ఱనలకు స్వోపజ్ఞత లేదని తెలుగునాట ఎవరును అనలేదు. మార్కండేయ పురాణములోని ఒక చిన్న కథను గైకొని పెద్దన ఒక మహాప్రబంధమును నిర్మించెను. శశిరేఖా పరిణయ కథ 1936లోనే తెలుగు చలనచిత్రముగా వచ్చినది. 1957లో అదే కథ ‘మాయాబజారు’ పేరుతో మరల వచ్చినపుడు పాతదని ప్రేక్షకులు ముఖము త్రిప్పుకొనలేదు. ఆటల చరిత్రయు ఇట్టిదే. చదరంగము భారతదేశమున పుట్టి, పారశీకుల ద్వారమున, అరబ్బుల ద్వారమున ఐరోపాకు చేరినది; ఇచ్చటి మంత్రి అచ్చట రాణి యయ్యెను. వైకుంఠపాళిలోని నిచ్చెనలు పుణ్యములు, పాములు పాపములు. పందొమ్మిదవ శతాబ్దము చివర అది ఇంగ్లండు చేరి పిల్లల ఆటగా స్థిరపడినది. రూపము చేతులు మారుచునే యుండును. సీసము వ్రాసిన కవిని, సీసము నీవు కనిపెట్టినది కాదు గదా యని నిలదీయు వాడు ఛందస్సును ఎరుగడు, కవిత్వమును అంతకంటెను ఎరుగడు.

ఈ న్యాయము ఉక్కునకు కూడ వర్తించును. 1904లో భూగర్భశాస్త్రజ్ఞుడగు ప్రమథనాథ బోసు, మయూరభంజ్ సంస్థానమున మేలైన ఇనుప ఖనిజము కలదని జంషెడ్‌జీ టాటాకు లేఖ వ్రాసెను. 1907లో కంపెనీ ఏర్పడినది. ఖర్కాయి సువర్ణరేఖలు కలియు చోటికి దాపున, సాక్చీ అను పల్లెపట్టున, కర్మాగారము లేచినది. దాని నమూనాయు, ఊరి తొలి పటమును అమెరికాలోని పిట్స్‌బర్గు నుండి, జూలియన్ కెనెడీ సంస్థవారి చేతి మీదుగా వచ్చినవి. పిమ్మట 1920 ప్రాంతమున టెంపుల్ అను ఇంగ్లీషు ఇంజనీరును, 1944-45లో కోనిగ్స్‌బర్గర్ అను జర్మను వాస్తుశిల్పియు ఆ పటమును దిద్దిరి. 1912లో తొలి ఉక్కు వెలువడినది. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అను పేరు వచ్చినది. కొలిమి పరదేశపుది, పటము పరదేశపుది. అయినను అది పిట్స్‌బర్గునకు నకలని ఎవ్వరును అనలేదు. ఏల? అందు కరగినది గోరుమహిసానీ కొండల ఖనిజము. దానిని కరగించినవి సంతాలుల, హోల, ఒడియాల, బెంగాలీల చేతులు, ఉత్తరాంధ్రము నుండి రైలెక్కి వచ్చిన తెలుగువారి చేతులు. కొలిమిని అరువు తెచ్చుకొనవచ్చును. ఖనిజము మాత్రము స్వంతము కావలెను. వీడియో ఆటలను తూచుటకు ఈ ఒక్క తూనికరాయి చాలును.

ఆట నిర్మించువారికి కొలిమి వంటిది ఇంజిన్. 1998లో ప్రత్యక్షమైన అన్‌రియల్, 2005లో వచ్చిన యూనిటీ అను రెండింటి మీదనే లోకమందలి ఆటలు లెక్కకు మిక్కిలిగ పోతపోయబడుచున్నవి. వస్తువు క్రింద పడుట, వెలుగు గోడమీద వ్రాలుట, మనిషి అడుగు వేయుట, ఇవన్నియు అందు ముందే సిద్ధముగ నుండును. పరుగెత్తి దుముకుట, గురిచూచి కాల్చుట, పడుచున్న దిమ్మలను పేర్చుట అను ఆటతీరులు కందము, సీసము, ద్విపద వంటివి. వానిని వాడుట తప్పు కాదు. వానిలో ఏమి పోయుచున్నారన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న వేసినపుడు అభియోగము నిలుచును. ద్వీపముపై నూరుగురిని దింపి చివరకు ఒక్కడే మిగులువరకు పోరాడించు తీరు 2017లో పబ్‌జీ వలన ప్రసిద్ధికెక్కినది. దాని బీజము 2000లో వచ్చిన ఒక జపాను చలనచిత్రమందున్నది. పబ్‌జీ వచ్చిన ఏడాదిలోనే ఫోర్ట్‌నైట్ అదే బాట పట్టినది. తరువాత వచ్చినవానికి లెక్క లేదు. భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైలును నిషేధించెను. 2021లో అది పేరు మార్చుకొని మరల ప్రవేశించెను. ఆ ఆటలోని కల్పిత ద్వీపమున పోచింకి అను ఒక ఊరు కలదు. రష్యా పల్లెను తలపించు ఆ ఊరిలో ఏ ఇంటికి ఎన్ని తలుపులో, ఏ మేడ మీద నుండి ఏ సందు కానవచ్చునో భారతదేశపు పట్టణములలోని పిల్లలు కన్నులు మూసికొని చెప్పగలరు. కదమాలోను, టెల్కోలోను పెరుగు పిల్లవానికి ఆ సందులు తెలిసినంతగా దల్మా కొండదారులు తెలియవన్నచో ఆ నేరము వానిది కాదు. దల్మా దారిని వానికి ఆటగా ఇచ్చినవారు లేరు.

ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము కాల్బంతి ఆటలో దొరకును. జంషెడ్‌పూర్ కాల్బంతి ఊరు. 1987లో అచ్చట టాటా ఫుట్‌బాల్ అకాడమీ వెలసినది. 2017లో జంషెడ్‌పూర్ ఎఫ్.సి. పుట్టినది. 2021లో విడుదలయిన ఫిఫా 22 అను వీడియో ఆటలో ఇండియన్ సూపర్ లీగును చేర్చిరి; ఆ విధమున జంషెడ్‌పూర్ జట్టు ప్రపంచమందలి తెరలపై కెక్కినది. ఆ ఋతువులోనే నిజమైన జట్టు లీగు షీల్డును గెలిచినది. ఊరివారు గర్వించుట సహజమే. కాని తెర మీదికి చేరినదేమి? చొక్కా చేరినది, పేరు చేరినది. ఊరు చేరలేదు. షిఫ్టు ముగిసి సైకిలు మీద నేరుగా మైదానమునకు వచ్చు కార్మికుడు లేడు. సంతాలీలోను, హిందీలోను, తెలుగులోను ఒకేమారు లేచు కేక లేదు. 1993 నుండి ఏటేట వచ్చిన ఆ ఆటల వరుసలో ఏ ఊరైనను ఒక చొక్కా రంగే. అచ్చు ఒకటి, దానిలో పేరు మాత్రము మార్చి పోయుదురు. పాతదగుట దాని లోపము కాదు. ఎక్కడిదియు కాకుండుట దాని లోపము.

ఈ వ్యాపారులకు సృజనశక్తి లేదనుట కూడ పొరపాటే. వారికి అది పుష్కలముగ కలదు. కాని అది ఆటగాని మనస్సు మీద గాక జేబు మీద ఖర్చగుచున్నది. డబ్బిచ్చి కొనువరకు లోపల ఏమున్నదో తెలియని పెట్టెలు, ఒక్కరోజు ఆడకున్న చేజారిపోవు బహుమతులు, ఆట ఆపబోవు క్షణముననే కనబడు ఆశలు, ఇవి అల్పబుద్ధులు కనిపెట్టదగినవి కావు. ఆ పెట్టెలు జూదమేయని బెల్జియము 2018లో తీర్మానించినది. పేకముక్కలను తెర మీదికెక్కించి పందెము కాయించినవారు దానిని నైపుణ్యమని పేర్కొనిరి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టమును చేసెను. అదే చట్టము ఈ-స్పోర్ట్సును, పందెము లేని ఆటలను గుర్తించి ప్రోత్సహింపవలెనని కూడ చెప్పుచున్నది. నిషేధము సులువుగ అమలగును. ప్రోత్సాహమునకు ఊహ కావలెను.

“ప్రజలు కోరినదే ఇచ్చుచున్నాము, పాతది గాక క్రొత్తది చేసిన కొనువారు లేరు” అని వ్యాపారులు సమాధానము చెప్పుదురు. పెద్ద ఆటకు పెట్టుబడి వందల కోట్లగుచున్నందున సాహసము చేయలేమనియు అందురు. పెట్టుబడి మాట నిజమే. కోరిక మాట నిజము కాదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్‌ను సృష్టించుటకు ముందు పడుచున్న దిమ్మలను పేర్చవలెనని లోకమున ఎవడును కోరలేదు. రాబర్ట్ కుర్విట్జ్ అను ఎస్టోనియా రచయిత 2013లో ఒక నవల వెలువరించగా దానికి స్వల్పముగనే పాఠకులు దొరికిరి. అతడే మిత్రులతో కలిసి 2019లో డిస్కో ఎలీజియం అను ఆటను నిర్మించెను. అందు నాయకుడు జ్ఞాపకము కోల్పోయిన పోలీసు. అతని మనస్సులోని ఇరువదినాలుగు శక్తులు అతనితో వాదులాడుచుండును. అది ఆడుట కంటె చదువుట ఎక్కువగా నుండు ఆట. ఇట్టిది కావలెనని ఏ బజారును అడుగలేదు. వచ్చిన పిదప లోకమంతయు దానిని మెచ్చినది. అది పోతపోసినది కూడ అందరును వాడు యూనిటీ కొలిమిలోనే.

స్వంత ఖనిజమనగా ఏమో చూపు ఆటలు మరికొన్ని కలవు. 2014లో వచ్చిన నెవర్ ఎలోన్ అను ఆట అలాస్కాలోని ఇన్యుపియట్ జాతి పెద్దలతో కూర్చుండి నిర్మించినది. కథ చెప్పు కంఠము వారి భాషలోనే పలుకును. ఆటతీరు పాతదే: ఒక బాలిక, ఒక నక్క, పరుగు, దుముకు. కాని ఆ మంచు వారిది, ఆ కథ వారిది. 2023లో కెనడా నుండి వెలువడిన వెంబ, అచ్చట కాపురము పెట్టిన ఒక తమిళ తల్లి కథ. చిరిగిన వంటల పుస్తకములో చెరిగిన మాటలను ఊహించి ఆటగాడు ఇడ్లీ వండవలెను. వండుచుండగనే కొడుకు తల్లి భాషకు దూరమగుట కన్నుల ఎదుట జరుగును. 2024లో ఆ ఆటకు తొలి కృతికిచ్చు బ్రిటిషు అకాడమీ పురస్కారము లభించినది. ఇడ్లీపాత్రయే ఆటకు వస్తువు కాగలిగినపుడు, మూడు నాలుగు తరములుగా బిస్టుపూర్ చుట్టుపట్ల కాపురముండి, ఇంట తెలుగు, వీధిలో హిందీ, పనిలో ఇంగ్లీషు మాటాడు తెలుగు కుటుంబము కథ కాకపోవునా?

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. దేశీయమైన పేరు పెట్టినంతనే ఖనిజము స్వంతము కాదు. పబ్‌జీ నిషేధము నాటి ఆవేశములో ప్రకటింపబడి 2021 జనవరి 26న విడుదలయిన ఫౌజీ, గల్వాన్ లోయను రంగస్థలముగా గైకొన్నది. కాని జెండాను తీసివేసిన, ఎక్కడనైనను జరుగదగిన పిడిగుద్దులే మిగులును. పుణెవారు 2020లో వెలువరించిన రాజీ అంతకంటె నిజాయితీ గల యత్నము. పోరాటపు తీరు అరువుదే అయినను, నడుమ నడుమ కథను తోలుబొమ్మల నీడలతో చెప్పుటలో ఒక స్వంత చూపు కలదు. దేశీయత పేరులో నుండదు, చూపులో నుండును.

అట్టి చూపునకు జంషెడ్‌పూర్ చుట్టును కొదువ లేదు. నగరమునకు దాపుననున్న సరాయికేలాలో చైత్రపర్వమునాడు ఛౌ నర్తకులు ముసుగు ధరించి ఆడుదురు. ముసుగు కదలదు, కన్ను పలుకదు, పెదవి పలుకదు, శరీరమే సమస్తము చెప్పవలెను. తెర మీది బొమ్మకు ప్రాణము పోయుట ఎట్లని తలపట్టుకొను ఆటల నిర్మాతకు ఇంతకు మించిన పాఠశాల ఎక్కడ దొరకును? తూర్పు సింహభూమిలోని అమాదుబి పల్లెలో పైట్‌కార్ చిత్రకారులు చుట్టను విప్పుచు, బొమ్మ వెంట బొమ్మగా కథ పాడుదురు. తెలంగాణమున చేర్యాల నకాశీ పటములు చేసినదియు ఇదే పని. కదలు బొమ్మతో కథ చెప్పు విద్య ఈ నేలకు క్రొత్తది కాదు. నదికి ఆవలియొడ్డున ఆదిత్యపూర్‌లో 1960 నుండి ఒక సాంకేతిక విద్యాలయము కలదు. సరాయికేలా ముసుగునకును ఆ విద్యాలయములోని గణనయంత్రమునకును నడుమ దూరము కొన్ని మైళ్లే. ఆ మైళ్లు నడువనిది ఎవరు?

నడువనివారిలో సాహిత్యకులు మొదటివారు. ఒకనాడు సినిమాను కూడ పండితులు ఇట్లే ఈసడించిరి. 1951లో ‘మల్లీశ్వరి’కి కృష్ణశాస్త్రి పాటలు వ్రాసినందున కవిత్వము మైలపడలేదు, సినిమా మాత్రము బాగుపడినది. నేడు ఆటలకు కథ వ్రాయుట చిన్నతనమని రచయిత భావించుచున్నాడు. కథ లేకున్నను అమ్ముడుపోవునని వ్యాపారి భావించుచున్నాడు. ఇద్దరి నడుమ కోట్లమంది పిల్లలు పోచింకి సందులలో తిరుగుచున్నారు. పత్రికలు నవలను సమీక్షించును, చిత్రమును సమీక్షించును. ఆట వచ్చినపుడు దాని వెలను, వేగమును మాత్రము చెప్పి ఊరకుండును. విమర్శ లేని చోట స్వోపజ్ఞత పెరుగదు. మంచిదానిని మంచిదని చెప్పువాడు లేనపుడు నకలునకును సృష్టికిని ధర ఒక్కటే యగును.

కనుక వీడియో ఆటలలో స్వోపజ్ఞత లేదని నిట్టూర్చి ప్రక్కకు తొలగుట పండిత లక్షణము కాదు. కొలిములు రగులుచునే యున్నవి. వానిని ఉచితముగనో, స్వల్పమైన అద్దెకో ఎవరైనను వాడుకొనవచ్చును. 1904లో ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు కొండలలో తిరిగి ఖనిజమెచ్చట నున్నదో చెప్పినందున ఒక నగరము లేచినది. నేడు అట్లు తిరిగి చూచి చెప్పవలసిన పని కథకులది, కవులది, విమర్శకులది. వారు ఆ పని చేయనంతకాలము, ఆటలు పాతవని పిల్లలను, వ్యాపారులను నిందించు హక్కు వారికి లేదు.