ముద్దుబిడ్డ ఎవరు?

తెలుగు క్లాసులో చలం గారి గురించి చెబుతుంటే ఏడో తరగతి అబ్బాయి ఒకడు చెయ్యెత్తాడు. "మేడమ్, ఆయనకి వాళ్ళ పిల్లల్లో ఎవరంటే ఎక్కువ ఇష్టం?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడి అక్క పదో తరగతి మధ్యలో ఆగకూడదని నాయనమ్మ దగ్గరే ఉండిపోయింది. వాడొక్కడే అమ్మానాన్నలతో బస్తర్ వచ్చాడు. "నువ్వే ముద్దుబిడ్డవి" అని అక్క ఫోనులో ఏడిపిస్తుందని వాడే ఒకసారి నాతో చెప్పాడు. చలం గారి పేరు చెప్పి వాడు తన ఇంటి సంగతే అడిగాడని నాకు అర్థమైంది. బదిలీల మీద తిరిగే ఇళ్ళలో పుట్టిన మీలో చాలామందికి ఈ ప్రశ్న ఉంటుంది. అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నాను.

గుడిపాటి వెంకట చలం గారు 1894లో పుట్టారు. పాఠాలు చెప్పారు, ఆ తర్వాత స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. అంటే మన అమ్మానాన్నల్లాగే ఊళ్ళు తిరిగే ఉద్యోగమే. పిల్లల పెంపకం మీద 'బిడ్డల శిక్షణ' అని ఒక పుస్తకం రాశారు. కొట్టి, భయపెట్టి పెంచడాన్ని అందులో గట్టిగా వ్యతిరేకించారు. పిల్లలు పెద్దల సొత్తు కాదనీ, వాళ్ళకీ ఒక మనసు ఉంటుందనీ నమ్మిన మనిషి ఆయన. 1950లో తిరువణ్ణామలై వెళ్ళి, 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆ ఏళ్ళలో ఆయన పక్కనే ఉన్న కూతురి పేరు సౌరిస్. ఆధ్యాత్మిక విషయాల్లో తండ్రి ఆమె మాటకి ఎంతో విలువ ఇచ్చారు. చలం గారి గురించి ఎవరు రాసినా, పిల్లల్లో ముందుగా వచ్చే పేరు ఆమెదే.

మరి సౌరిసే ముద్దుబిడ్డా? నా అభిప్రాయం దాచుకోను. ఆయనకి పిల్లలందరిలోకీ ఎక్కువ దగ్గరైన బిడ్డ ఆమేనని అనుకుంటాను. ఇద్దరూ ఒకే దారి వెతికారు, ఒకే ఊళ్ళో బతికారు. కానీ 'దగ్గర' వేరు, 'ఇష్టం' వేరు. పక్కన ఉన్న బిడ్డతో రోజూ మాటలుంటాయి, జ్ఞాపకాలు పోగవుతాయి, అవి పుస్తకాల్లోకి ఎక్కుతాయి. దూరంగా ఉన్న బిడ్డ మీద బెంగ మటుకు ఎవరికీ కనపడదు. కనపడేదాన్ని బట్టి ప్రేమని తూచితే లెక్క తప్పుతుంది.

ఇంగ్లండు రచయిత చార్లెస్ డికెన్స్‌కి పదిమంది పిల్లలు. ఆయన తన నవలల్లో ఒకటైన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' తనకి ముద్దుబిడ్డ అని, దాని ముందుమాటలో చెప్పుకున్నాడు. నవలని అలా అనడం తేలిక. దాన్ని ఏ దూరదేశానికీ పంపక్కర్లేదు. ఆయన కొడుకుల్లో వాల్టర్ అనే అబ్బాయి 1857లో, పదహారేళ్ళ వయసులో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉద్యోగానికి మన దేశం వచ్చాడు. మళ్ళీ ఇల్లు చూడలేదు. 1863 డిసెంబరు 31న కలకత్తాలో చనిపోయాడు. అప్పటికి వాడి వయసు 22 ఏళ్ళు. దూరంగా పంపారు కాబట్టి వాల్టర్ మీద ప్రేమ తక్కువని తేల్చెయ్యడం నాకు న్యాయంగా తోచదు. కానీ ఓడ ఎక్కుతున్న పదహారేళ్ళ కుర్రాడికి ఆ అనుమానం రావడం మాత్రం సహజమే. ఆ అనుమానం తీర్చాల్సిన బాధ్యత పెద్దవాళ్ళది.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా అమ్మాయి కొత్తవలసలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. నాలుగేళ్ళ మా అబ్బాయి నాతో ఇక్కడ ఉన్నాడు. కిరండూల్ రైలు ఎక్కితే అరకు మీదుగా, సొరంగాలు దాటుకుంటూ పిల్లదాని దగ్గరికి వెళ్ళొచ్చు. కానీ ఎన్నిసార్లు వెళ్ళగలను? "నీ చదువు కోసమేనమ్మా" అని రెండేళ్ళు చెప్పాను. మొన్న దసరా సెలవులకి వచ్చినప్పుడు, రథం చూసి తిరిగొస్తుంటే అడిగేసింది: "అమ్మా, నీకు తమ్ముడంటేనే ఇష్టం కదా?"

అప్పుడు నిజం చెప్పాను. మీ నాన్న ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో ఉంది. ఒక్కదాన్నే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, బడి చూసుకుంటూ నెగ్గుకురాలేనని భయపడ్డాను. వాడు మరీ చిన్నవాడు, వదల్లేకపోయాను. నువ్వు ఉండగలవనుకున్నాను. అది తప్పో ఒప్పో నాకే తెలీదు. ఇవన్నీ విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా" అంది. ఆ రాత్రి నా పక్కనే పడుకుంది.

అందుకే తల్లిదండ్రులకి ఒక మనవి. "మాకు అందరూ సమానమే" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి. పిల్లలు ఆ మాట నమ్మరు. ఒకరిని తీసుకెళ్ళి ఒకరిని ఎందుకు వదిలారో, అసలు కారణం చెప్పండి. క్వార్టరు దొరకలేదా, కొత్త ఊళ్ళో ఆ గ్రూపు లేదా, భయం వేసిందా? ఏదైనా సరే, చెప్పండి. పిల్లలు మనం అనుకున్నదానికంటే ఎక్కువే అర్థం చేసుకుంటారు.

పిల్లలకీ ఒక మాట. అడగడం తప్పు కాదు. మనసులో పెట్టుకుని, అక్కతోనో తమ్ముడితోనో వంతులు వేసుకోవడం కంటే అడగడమే నయం. అమ్మానాన్నలతో ఉన్నవాళ్ళు ఇంకో పని కూడా చెయ్యాలి. దూరంగా ఉన్న తోబుట్టువుకి ఇంటి కబుర్లన్నీ చేరవెయ్యాలి. ఇవాళ కూర మాడిందనీ, నాన్న కళ్ళజోడు మళ్ళీ పోగొట్టారనీ. చిన్న కబుర్లు అందుతూ ఉంటే తామూ ఆ ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది.

మర్నాడు ఆ అబ్బాయిని పిలిచి, "నీ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు, మీ అమ్మ దగ్గర ఉంది. అక్క సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి అడగండి" అన్నాను. సరేనని తలూపాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మేడమ్, అక్కకి ఉత్తరం రాయాలి. 'జ్ఞాపకం' ఎలా రాయాలి?" అని అడిగాడు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను.

— తెలుగు ఉపాధ్యాయిని