చౌక ఎవరికి? – చేతిపనిని గూర్చి కొన్ని మాటలు

యంత్రయుగం వచ్చిన తరువాత చేతిపనికి కాలం చెల్లినదని పెద్దలు వాపోవడం పరిపాటి. కాని నేటి పరిస్థితి అందుకు భిన్నంగా ఉన్నది. చేతిపని అద్దాల అంగడికి ఎక్కి కూర్చున్నది. మన అవ్వలు పాత చీరలను పొరలు పొరలుగా పరచి కుట్టిన బొంత నేడు నగరాల బొటిక్‌లలో మంచానికి అలంకారం. మేదరి అల్లిన చాటకు రంగులు పూసి, నాలుగు అద్దపు బిళ్లలు అతికిస్తే అది గోడకు శోభ. పెండ్లికూతురి ఖడా దుపట్టాకు ఇంటి ఆడవారంతా కూర్చుండి కుట్టిన గోటా పని నేడు కొత్త పేరుతో వేల రూపాయలు పలుకుతున్నది.

సామాన్య కుటుంబాల విద్యార్థినులు ఇట్టి వస్తువులను చూసి ముచ్చటపడడం సహజం. కొనలేనివారు వాటిని పోలినవాటిని తక్కువ ఖర్చుతో ఇంట్లోనే చేసుకుంటున్నారు. దర్జీ కొట్టులో మిగిలిన గుడ్డపేలికలతో దిండు గలీబులు, గోనెగుడ్డతో సంచులు, పాత చీర అంచులతో తలుపు తెరలు తయారగుచున్నవి. దీనిని కొందరు కాలక్షేపమని, మరికొందరు ఒట్టి అనుకరణ అని తీసివేస్తున్నారు. మేము వారితో ఏకీభవించము. తన చేతితో తన ఇంటిని అందంగా తీర్చుకొనే బాలికకు అప్పు చేయవలసిన పని లేదు. పొరుగింటిని చూసి కుమిలిపోవలసిన పని అంతకంటె లేదు. అంతేకాక, ఒక్కసారి సూది పట్టినవారికి ఆ పని వెల ఎంతో తెలిసివస్తుంది.

అయితే ‘చౌక’ అనే మాటను మనం కొంచెం నిదానించి చూడవలసి ఉన్నది. మనకొరకు మనం చేసుకొన్న వస్తువు చౌకగా వచ్చినదంటే, అందులోని శ్రమను మనమే భరించినామని అర్థం. అంగడిలో కొన్న చేతిపని వస్తువు చౌకగా వచ్చినదంటే, ఆ శ్రమను మరెవరో భరించినారని అర్థం. ఈ రెండు చౌకలకు హస్తిమశకాంతరం ఉన్నది.

మగ్గం వర్కునే తీసుకొందాము. కర్రచట్రానికి గుడ్డను బిగించి, ఆరీ సూదితో జరీని, పూసలను కుట్టే ఈ పని చేసేవారు మన ఇళ్లలోను, మన చుట్టుపక్కలను ఎందరో ఉన్నారు. ఒక కుర్తా పనికి పది దినాలు పట్టినదనుకొందాము. దానిని 900 రూపాయలకు కొని మనం సంతోషించినామనుకొందాము. గుడ్డకు, జరీకి, పూసలకు 400 రూపాయలు పోగా మిగిలినది 500. నడుమ బేరగాడు లేకపోయినా దినానికి 50 రూపాయలు! బేరగాడు ఉంటే అదీ లేదు. పటాన్‌చెరు కర్మాగారానికి బస్సెక్కి పోయే అన్నకు పని గంటలకు లెక్క ఉన్నది. గంట మించితే అడిగే హక్కూ ఉన్నది. ఇంట్లో చట్రం ముందు వంగి కూర్చున్న చెల్లెలి గంటలకు లెక్క లేదు. అది ‘ఇంటిపని’లో కలిసిపోతున్నది.

ఇది ఊహ కాదు. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని నరసాపురం అల్లిక లేసుకు పెట్టినది పేరు. అక్కడి స్త్రీల జీవితాన్ని పరిశీలించి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక గ్రంథాన్ని ప్రకటించినది. విదేశాల బల్లలను అలంకరించే ఆ లేసును అల్లే స్త్రీలను సమాజం కార్మికులుగా గుర్తించక, తీరిక వేళలో అల్లుకొనే గృహిణులుగా భావించినదని, ఆ భావమే వారి కూలిని అణచివేసినదని ఆమె నిరూపించినది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరుకు రక్షణ దొరికినందుకు సంతోషమే. కాని అల్లిన చేతికి కూలి దొరకనిచో ఆ పేరు ఎవరికి కూడు పెట్టును?

ఇక అనుకరణ సంగతి. ఒక పూవునో, ఒక అంచునో చూసి నేర్చుకొనడం దోషం కాదు. కళలన్నీ అట్లే పెరిగినవి. నకలును అసలని చెప్పి అమ్మడమే దోషం. మన పాత మెదక్ జిల్లాలోని సిద్దిపేట గొల్లభామ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. తలపై కుండతో నిలిచిన ఆ భామను నేతగాడు మగ్గంపైనే అదనపు పేకపోగులతో తీర్చుతాడు. పోచంపల్లి ఇక్కత్తులో నూలును ముందుగా ముడులు కట్టి, రంగులు అద్ది, ఆ పిమ్మట నేస్తారు. కనుకనే దాని రంగు రెండువైపులా ఒకేతీరుగా ఉంటుంది. నమూనా అంచులు కొంచెం చెదిరినట్లు కనిపిస్తాయి. అచ్చువేసిన నకలును తిరగవేసి చూస్తే వెలవెలబోతుంది. ఈ చిన్న పరీక్ష ప్రతి విద్యార్థినికి తెలియవలెను. నకలును నకలని తెలిసి కట్టుకొంటే తప్పు లేదు. తెలియక అసలు ధర ఇస్తే మనమూ మోసపోతాము, నేతగాడూ నష్టపోతాడు.

ఈ సమస్య మన ఒక్కరిది కాదు. ఇంగ్లండులో విలియం మోరిస్ యంత్రాల వికారాన్ని ఎదిరించి 1861లో చేతిపనుల సంస్థను స్థాపించినాడు. కాని చేతిపనికి న్యాయమైన వెల కట్టేసరికి అది సంపన్నులకే అందుబాటులో ఉన్నది. జపానులో యనాగి సోయెత్సు వేరొక దారి చూపినాడు. పేరులేని పనివారు నిత్య వినియోగానికి చేసిన గిన్నెలలో, బట్టలలో ఉన్న అందాన్ని ‘మింగేయ్’ అని 1925లో పేర్కొని, 1936లో టోక్యోలో వాటికొక ప్రదర్శనశాలను నెలకొల్పినాడు. మన బొంతకు, మన చాటకు ఆ గౌరవం మనమే ఇవ్వవలెను. బొటిక్ వారు ఇచ్చేవరకు ఎదురుచూడనేల?

మన జోగిపేటకు ఒక చరిత్ర ఉన్నది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగినది ఇక్కడనే. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళాసభ కూడ జరిగినది. స్త్రీల ఉన్నతిని గూర్చి అంత ముందుగా ఆలోచించిన ఊరు, నేడు స్త్రీల చేతిపనిని గూర్చి ఆలోచించక ఉండరాదు.

కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఒక్కటి. ఒక గదిని, రెండు కుట్టుమిషన్లను, నాలుగు మగ్గం చట్రాలను చేతిపనికి కేటాయించవలెను. నేర్పడానికి దూరం నుండి ఎవరినో రప్పించనక్కర లేదు. మన గల్లీలలోని పనిమంతురాండ్రనే పిలిచి, ఉచితసేవ అనక, జీతమిచ్చి, గురువులుగా కూర్చుండబెట్టవలెను. పట్టా లేని ఆ తల్లి ముందు పట్టా చదివే బాలిక శిష్యురాలై కూర్చొనడం కూడ విద్యయే. వార్షికోత్సవాన ఆ వస్తువులను అమ్మకానికి పెట్టినపుడు ప్రతి వస్తువుకు ఒక చీటీ కట్టవలెను: ముడిసరుకు ఖర్చు ఎంత, పని గంటలు ఎన్ని, నమూనా ఏ ఊరిది. కొనేవారు ఆ చీటీ చదివి బేరమాడగలరేమో చూద్దాము!

విద్యార్థినీ విద్యార్థులారా! మీకొరకు మీరు చౌకగా చేసుకొనండి; అది పొదుపు. ఇతరులు చేసినదానిని మాత్రం తగిన వెలకు కొనండి, అది న్యాయం. అంత సొమ్ము చేతలేనినాడు, ఆమె వద్దనే కూర్చుండి పని నేర్చుకొనండి.