అమ్మ ఫోన్‌లో పాట ఆగిందా?

అక్కలూ, చెల్లెళ్లూ! ఈసారి చిట్కా ఊరి నుంచి అమ్మనో, అత్తగారినో తెచ్చుకున్నవాళ్లకి. మనం డ్యూటీకెళ్తే పగలంతా వాళ్లకి తోడు ఆ పాటలే కదా!

రెండు వారాలు బాగా పాడిన స్పాటిఫై ఉన్నట్టుండి మూగబోతే వైఫైని తిట్టకండి. ఇండియాలో తెరిచిన ఉచిత ఖాతా వేరే దేశంలో 14 రోజులే పనిచేస్తుంది. స్పాటిఫై వెబ్‌సైట్‌లో ఆవిడ ఖాతాతో లాగిన్ అయి, ప్రొఫైల్‌లో దేశం మార్చండి.

డబ్బు కట్టే ఖాతాకి ఈ గడువు లేదు. కానీ డౌన్‌లోడ్ చేసిన పాటలు ఉండాలంటే 30 రోజులకోసారైనా నెట్ కలపాలి.

స్క్రీన్ ఆరగానే పాట ఆగుతోందా? బ్యాటరీ సేవర్ ఆపి చూడండి.

యాప్ తీసేసి మళ్లీ వేయడం ఆఖరి మాట. అలా చేస్తే డౌన్‌లోడ్లన్నీ పోతాయి, పాపం ఆవిడ మళ్లీ మొదటికి రావాలి!