పందెం వెతుక్కున్న కొత్త వాకిలి

బంగారం, పత్తి వ్యాపారంతో రెండో బొంబాయి అనిపించుకున్న ప్రొద్దుటూరుకు ఇంకో పేరు కూడా ఉంది. దాన్ని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకోరు. ఐపీఎల్ మొదలైతే చాలు, బుకీల అరెస్టులు, స్వాధీనం చేసుకున్న సెల్‌ఫోన్లు, నగదు కట్టలు జిల్లా పేజీల్లో ఫొటోలతో సహా కనిపిస్తాయి. పందెం కాసి పొలాలు పోగొట్టుకున్నవాళ్ల కథలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింటికీ కొత్త కాదు. ఈ సంపాదకీయం క్రికెట్ గురించి కాదు. పందెం సైట్లలో ఇప్పుడు క్రికెట్ పక్కనే కౌంటర్ స్ట్రైక్, డోటా, వాలొరెంట్ మ్యాచ్‌లకూ రేట్లు కడుతున్నారు. ఆ ఆటలు చూసేవాళ్లు, ఆడేవాళ్లు మన ఇళ్లలోని పదహారు నుంచి ఇరవై రెండేళ్ల పిల్లలు. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ ఆటల పేర్లు కూడా తెలియవు. మన భయమంతా ఆ తెలియనితనం గురించే.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. సొంతంగా కంప్యూటర్ బిగించుకోవడం మంచి విద్య. ప్రాసెసర్‌కు సరిపడే మదర్‌బోర్డు ఏదో, ఎన్ని వాట్ల పవర్ సప్లై కావాలో, గాలి ఎటు నుంచి లోపలికి వచ్చి ఎటు పోవాలో లెక్క వేసుకునే కుర్రాడు పరీక్ష కోసం బట్టీ పట్టేవాడికంటే ఎక్కువే నేర్చుకుంటాడు. పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలలోనూ, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాలలోనూ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనూ చదివే పిల్లలకు ఇలాంటి ఆసక్తి ఉంటే సంతోషించాలి. కంప్యూటర్ ఆటల పోటీలు చూడటం కూడా నేరం కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ ఆటలను ప్రదర్శన అంశంగా పెట్టినప్పుడు హార్త్‌స్టోన్ అనే ఆటలో మన దేశానికి కాంస్యం వచ్చింది. 2022 డిసెంబరులో కేంద్రం వీటిని ‘ఈ-స్పోర్ట్స్’ పేరుతో బహుళ క్రీడా పోటీల్లో భాగంగా గుర్తించింది. ఫోన్‌లో ఆడే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) సిరీస్ ఫైనల్స్ 2024 జూన్‌లో హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి. ఆ ఏడాది మొత్తం బహుమతి 2 కోట్ల రూపాయలు. అది చూసి పిల్లవాడు కల కంటే తప్పు పట్టలేం.

చిక్కు కల దగ్గర కాదు, కలకు పెట్టే ఖర్చు దగ్గర మొదలవుతుంది.

పెద్ద ఆటలను తడబడకుండా నడిపే యంత్రం లక్ష రూపాయల మాట. సామాన్లు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో, సికింద్రాబాద్ సీటీసీ నుంచో, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో వస్తాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. క్రూషియల్ పేరుతో సామాన్యులకు ర్యామ్ అమ్మిన మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. కొత్తది అందనివాళ్లు సెకండ్ హ్యాండ్ వైపు చూస్తారు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచి అలిసిపోయిన గ్రాఫిక్స్ కార్డులు కుప్పలుగా సంతకు వచ్చాయి. దుమ్ము తుడిచి కొత్తవాటిలా అమ్మినవాళ్లూ ఉన్నారు. అసలు ప్రమాదం ఆ లక్ష ఎక్కడిదనేది. నాయన ఇస్తే సరే. ఇవ్వకపోతే ఈఎంఐ, ఆ తర్వాత లోన్ యాప్. అప్పు చేసిన పిల్లవాడి బుర్రలో ఒకటే లెక్క తిరుగుతుంది: ఈ యంత్రంతోనే ఈ డబ్బు వెనక్కి రాబట్టాలి. పందెంవాడు కాచుకుని కూర్చునేది ఈ లెక్క కోసమే.

మొదటి మెట్టు చాలా చిన్నది. టెలిగ్రామ్‌లోనో, డిస్కార్డ్‌లోనో ఒక గ్రూపు. మనిషికి యాభయ్యో వందో కట్టి, అడ్మిన్ విడిగా పెట్టే మ్యాచ్‌లో, అంటే కస్టమ్ రూమ్‌లో చేరాలి. గెలిచినవాడికి వేలల్లో, నిర్వాహకుడికి మిగిలినంత. దాన్ని ‘టోర్నమెంట్’ అంటారు. పిల్లవాడు దాన్ని ఆటే అనుకుంటాడు, ఎందుకంటే అతను నిజంగా ఆడుతున్నాడు, నిజంగా కష్టపడుతున్నాడు. కానీ 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇక్కడ గీత స్పష్టంగా గీసింది. డబ్బు కట్టి, బదులుగా డబ్బో దానికి సమానమైనదో వస్తుందని ఆశించి ఆడేది ఆన్‌లైన్ మనీ గేమ్. అది నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత వాదన ఇక చెల్లదు. ఈ-స్పోర్ట్స్‌లో ప్రవేశ రుసుము, ఆటతీరుకు బహుమతి ఉండవచ్చు, కానీ ఆ పోటీకి చట్ట ప్రకారం గుర్తింపు, నమోదు ఉండాలి, పందెం ఉండకూడదు. పేరు తెలియని అడ్మిన్ ఫోన్‌పే నంబరుకు వంద పంపి ఆడే రూమ్‌కు ఈ గుర్తింపు ఎక్కడి నుంచి వస్తుంది? అడ్మిన్ గ్రూపు మూసేసి మాయమైతే ఫిర్యాదు చేయడానికి పిల్లవాడికి నోరు పెగలదు, తానూ తప్పు చేశాననే భయం.

రెండో మెట్టు గురించి బంగారం తెలిసిన ఊరికి కాస్త వివరంగా చెప్పాలి. కౌంటర్ స్ట్రైక్‌లో తుపాకులకు, కత్తులకు వేసే రంగుల తొడుగులను స్కిన్లు అంటారు. 2013 ఆగస్టులో వాల్వ్ కంపెనీ వీటిని తెచ్చింది. స్కిన్ ఉండే పెట్టె ఊరికే దొరకవచ్చు, తెరిచే తాళంచెవికి మాత్రం దాదాపు రెండున్నర డాలర్లు కట్టాలి. లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. చైనా నిబంధనల వల్ల అక్కడి నిర్వాహక సంస్థ 2017లో బయటపెట్టిన లెక్క ప్రకారం కత్తి లాంటి అరుదైన వస్తువు వచ్చే అవకాశం 0.26 శాతం, అంటే వెయ్యి పెట్టెలు తెరిస్తే రెండు మూడింటిలో. ఆ కత్తి ఒక్క వంకాయను కూడా కోయలేదు, అయినా కొన్ని లక్షల రూపాయలు పలుకుతాయి. దాన్ని అమ్మవచ్చు, మార్చుకోవచ్చు, పందెంలో పెట్టవచ్చు. 2016 నాటికి స్కిన్లనే చిప్పులుగా వాడే జూదపు సైట్లు ఎంతగా పెరిగాయంటే, ఆ జూలైలో వాల్వ్ ఇరవైకి పైగా సైట్లకు ఆపమని నోటీసులు పంపాల్సి వచ్చింది. ఒక జూదపు సైటులో తాము గెలిచినట్టు వీడియోలు పెట్టిన ఇద్దరు యూట్యూబర్లు అసలు ఆ సైటు యజమానులేనని అప్పుడే బయటపడింది. నోటీసులతో ఆ వ్యాపారం పోలేదు, పేర్లు మార్చుకుంది.

‘పెట్టుబడి’ అనే మాట ఇక్కడ మరీ ప్రమాదం. దుకాణంలో కొన్న గొలుసును పదేళ్ల తర్వాత తూకం వేసినా అదే బరువు ఉంటుంది. స్కిన్ విలువ మాత్రం కంపెనీ గుప్పిట్లో ఉంది. 2025 అక్టోబరు 22న వాల్వ్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. అయిదు ఎర్ర రకం స్కిన్లు ఇస్తే ఒక కత్తి తీసుకోవచ్చని నియమం మార్చింది. కత్తుల అరుదుతనం తగ్గడంతో ఒకటి రెండు రోజుల్లో ఆ మార్కెట్ విలువ దాదాపు 200 కోట్ల డాలర్లు పడిపోయింది. అడగడానికి కోర్టు లేదు, సెబీ లేదు. కాయిన్లు, టోకెన్లలాగా డబ్బుగా మార్చుకోదగినది ఏది పణంగా పెట్టినా మన కొత్త చట్టం దాన్ని పందెంగానే చూస్తుంది. ‘నేను డబ్బు పెట్టలేదు, స్కిన్ పెట్టాను’ అన్న వాదన నిలబడదని పిల్లలకు ఎవరైనా చెప్పారా?

మ్యాచ్ మీద పందెం కాసేవాడికి ఇంకో నిజం తెలియాలి. క్రికెట్‌లో ఒక ఆటగాణ్ని కొనాలంటే పెద్ద మొత్తం కావాలి. కంప్యూటర్ ఆటల చిన్న టోర్నీల్లో ఆడేవాడికి జీతమే సరిగా ఉండదు, కొనడం తేలిక. ఈ-స్పోర్ట్స్‌కు పుట్టిల్లు లాంటి దక్షిణ కొరియాలో 2010లో స్టార్‌క్రాఫ్ట్ మ్యాచ్‌లు అమ్ముడుపోయాయని తేలి, ఆ తరంలో అందరూ చూసి నేర్చుకున్న ఆటగాడు సహా పలువురు జీవితకాల నిషేధానికి గురయ్యారు. అమెరికాలో ఐబైపవర్ జట్టు 2014 ఆగస్టులో ఒక మ్యాచ్ కావాలని ఓడిపోయింది. ముట్టినది పది వేల డాలర్లకు పైబడిన విలువ, అదీ స్కిన్ల రూపంలో. 2015 జనవరిలో ఆ జట్టులో చాలామందిని వాల్వ్ తన టోర్నీల నుంచి నిషేధించింది. 2021 జనవరిలో ఆస్ట్రేలియాలో ఒక్కసారిగా 35 మంది కౌంటర్ స్ట్రైక్ ఆటగాళ్లపై ఈస్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్ పందేల ఉల్లంఘన కింద నిషేధం విధించింది. వాళ్లేమీ మాఫియా నాయకులు కారు, మన పిల్లల్లాంటి కాలేజీ వయసు కుర్రాళ్లు. అర్ధరాత్రి ప్రొద్దుటూరులో కూర్చుని, ఎక్కడో జరిగే చిన్న లీగ్ మ్యాచ్ మీద లైవ్‌లో పందెం కాసేవాడు తనకు ఆట తెలుసని అనుకుంటాడు. ఫలితం ముందే తెలిసినవాడు అవతల ఉన్నాడన్నది అతని లెక్కలో ఉండదు.

మోసంతో గెలవాలన్న ఆశది ఇంకో దారి. 2018 అక్టోబరులో షాంఘైలో ఒక భారత ఆటగాడు నిషిద్ధ సాఫ్ట్‌వేర్‌తో వేదిక మీదే పట్టుబడ్డాడు. ఫైలు పేరు ‘వర్డ్’ అని మార్చి పెట్టుకున్నాడట, చూసేవాళ్లు టైపింగ్ ప్రోగ్రాం అనుకోవాలని. అతనికి అయిదేళ్ల నిషేధం పడింది, జట్టే రద్దయింది. ఇంట్లో కూర్చుని అలాంటి చీట్లు, క్రాక్ చేసిన ఆటలు, దొంగ విండోస్ దించుకునే పిల్లవాడికి నిషేధం కంటే పెద్ద నష్టం ఉంది. 2025 మేలో మైక్రోసాఫ్ట్, అమెరికా న్యాయశాఖ కలిసి లుమా అనే దొంగ సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్‌ను దెబ్బతీశాయి. రెండు నెలల్లోనే అది 3.94 లక్షల విండోస్ కంప్యూటర్లలోకి దూరింది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు ఎత్తుకుపోవడమే దాని పని, చీట్లు, క్రాక్‌ల ముసుగు దాని వలల్లో ఒకటి. ఆ యంత్రంలోనే నాయన నెట్ బ్యాంకింగ్ తెరిచి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

చివరి మెట్టు జైలు గుమ్మం దాకా వెళ్తుంది. ఓడిన డబ్బు కట్టలేని కుర్రాణ్ని ‘నీ బ్యాంకు ఖాతా, సిమ్ ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాం’ అని అడుగుతారు. పందెం సొమ్ము, సైబర్ మోసాల సొమ్ము ఆ ఖాతా గుండా పారుతుంది. పోలీసులు ముందు వెళ్లేది ఖాతా ఎవరి పేరిట ఉందో ఆ ఇంటికే. పాస్‌పోర్టు, ఉద్యోగం, తెల్లారి లేస్తే తల్లి ముఖం, అన్నీ అక్కడ ఆగిపోతాయి.

చట్టాలు లేక కాదు. మన రాష్ట్రం 2020 సెప్టెంబరులోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి, పులివెందుల ఎమ్మెల్యే కూడా అయిన జగన్మోహన్ రెడ్డి అక్టోబరులో 132 సైట్లు, యాప్‌లను ఆపమని కేంద్రానికి లేఖ రాశారు. ఆడేవాళ్లకూ ఆరు నెలల జైలు ఉంటుందని ఆనాటి మంత్రివర్గం చెప్పింది. 2025 కేంద్ర చట్టం వేరే దారి పట్టింది. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, ప్రకటనలు చేసేవాడికి రెండేళ్లు, 50 లక్షలు. ఆడేవాణ్ని మాత్రం నేరస్థుడిగా చూడలేదు. మా ఉద్దేశంలో ఈ రెండో చూపే సరైనది. పిల్లవాణ్ని జైలుతో బెదిరిస్తే అతను అడ్మిన్ పేరు చెప్పడు, అప్పు సంగతి చెప్పడు. అమ్మ దాచుకున్న డబ్బుకో, గొలుసుకో చేయి చాస్తాడు. కంప్యూటర్ పగలగొట్టే తండ్రి కూడా ఇదే పని చేస్తున్నాడు. పగిలినది యంత్రం, పందెం మాత్రం ఫోన్‌లో క్షేమంగా ఉంటుంది.

పోలీసులు పదేళ్లుగా పాత బుకీల జాబితాలే తిరగేస్తున్నారు. ఆ జాబితాల్లో డిస్కార్డ్ అడ్మిన్లు ఉండరు. ఐపీఎల్ రోజుల్లో పెట్టే ప్రత్యేక బృందాల్లో ఈ ఆటలు తెలిసిన యువ కానిస్టేబుళ్లను ఇప్పటి నుంచే పెట్టుకోవాలి, కస్టమ్ రూమ్ అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఇంజినీరింగ్ కళాశాలలు తమ వార్షికోత్సవాల్లో ఈ పోటీలను పైసా ప్రవేశ రుసుము లేకుండా, పగటి పూట, అధ్యాపకుల ముందు నడపాలి. ఊళ్లో కంప్యూటర్లు బిగించే దుకాణాలవాళ్లు దొంగ విండోస్ ఎక్కించి ఇవ్వడం మానుకోవాలి. అది కస్టమర్‌కు చేసే ఉపకారం కాదు. తల్లిదండ్రులు అడగాల్సినది ‘ఎంతసేపు ఆడావు’ అని కాదు, ‘ఎవరికి ఎంత పంపావు, నీ ఖాతాలోకి ఎవరు పంపారు’ అని. మోసం జరిగిందని తెలిసిన వెంటనే, ఆ గంటలోనే 1930కి ఫోన్ చేస్తే ఖాతా దాటని డబ్బును ఆపే వీలుంటుంది. తెల్లవారే దాకా ఆగితే ఆ డబ్బు నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది, ఆ ఖాతాల్లో ఒకటి మన వీధి పిల్లవాడిదే కావచ్చు.